నాన్న బోటు వాటా అమ్మించకు, చెల్లెమ్మా

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది ఉప్పాడ దగ్గర మత్స్యకార కుటుంబం. నాన్న వేటకి వెళ్తాడు. నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా ఈ ఏడాదే పూర్తి చేశాను. వయసు 19. ఫోన్లో సముద్రం అడుగు వీడియోలు చూడటం రెండేళ్ళుగా అలవాటైంది. చీకట్లో వాటంతట అవే వెలుగుతూ ఈదే జీవుల్ని చూసిన రోజు నిద్ర పట్టదు. నాన్న రోజూ వెళ్ళొచ్చే నీళ్ళ కిందే ఇంత ఉందా అనిపిస్తుంది. లోతు సముద్రంలో కెమెరా పట్టే పని చేయాలని నిర్ణయించుకున్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు విదేశంలో అండర్‌వాటర్ ఫిల్మ్ కోర్సు ఉందని, 18 లక్షలు అవుతుందని చెప్పారు. నాన్న బోటులో తన వాటా అమ్మేసి, మిగతాది అప్పు తెస్తానంటున్నాడు. అమ్మేమో టైటానిక్ చూడ్డానికి వెళ్ళి ఐదుగురు చనిపోయిన వార్త గుర్తు చేసి రోజూ ఏడుస్తోంది. నాకు ఈత వచ్చు, స్కూబా ఎప్పుడూ చేయలేదు. ఏ కోర్సు చేయాలి? మన దగ్గర ఈ పని ఉందా? ఇది ఆడపిల్లకి అయ్యే పనేనా? నా పేరు రాయొద్దు.

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. అది చేయి దాటిపోతే తర్వాత నేనేం చెప్పినా ఉపయోగం ఉండదు. నాన్న చేత బోటు వాటా అమ్మించకు. అప్పు తేనివ్వకు. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఏమైనా కట్టి ఉంటే ఈ రోజే వెనక్కి అడుగు.

ఆ కోర్సు చెడ్డదని కాదు. నీకు కావాల్సింది అందులో లేదు. నీటి కింద సినిమా తీయడం నేర్పే చోట ప్రధానంగా నేర్పేది స్కూబా వేసుకుని, ఎండ దిగేంత లోతులో, పగడపు దిబ్బల దగ్గర తీయడం. అది అందమైన పనే, దాని మీద బతికేవాళ్ళూ ఉన్నారు. కానీ నీకు నిద్ర పట్టనివ్వని ఆ జీవులు ఉండే చోటికి మనిషి ఒంటితో దిగి వెళ్ళే దారి లేదు.

మీ నాన్న లోతుని బారల్లో చెప్తాడు కదా, మనం కూడా బారల్లోనే చూద్దాం. స్కూబా మొదటి కోర్సు చేసినవాళ్ళు దిగేది 18 మీటర్లు, అంటే పది బారలు. ఇంకా పై కోర్సులు చేసినా సరదాగా దిగేవాళ్ళకి హద్దు 40 మీటర్లు, ఇరవై రెండు బారలు. ఎండ 200 మీటర్లు దాటితే మసక, వెయ్యి మీటర్లు దాటితే అసలే లేదు. నువ్వు చూస్తున్న ప్రపంచం మొదలయ్యేదే ఆ మసకలో. ప్రతి పది మీటర్లకీ మన నెత్తిన ఉన్న గాలి మొత్తం బరువంత ఒత్తిడి కొత్తగా చేరుతూ పోతుంది. వెయ్యి మీటర్ల దగ్గర అది వంద రెట్లు.

నా బల్ల మీద ఒక థర్మాకోల్ కప్పు ఉంది. టీ తాగే మామూలు కప్పే. ఓడలో మేం యంత్రాన్ని కిందికి దించేటప్పుడు సంచిలో వేసి దానికి కట్టాం. పైకి వచ్చేసరికి దర్జీ వేలికి పెట్టుకునే అంగుష్టానా అంత అయింది. ఆకారం చెడలేదు, పెన్నుతో రాసిన పేర్లు కూడా అలాగే ఉన్నాయి, అక్షరాలు మాత్రం చీమల్లా అయ్యాయి. లోపలి గాలంతా నలిగిపోయింది. ఈ పనిలోకి వస్తామని ఎవరడిగినా నేను మొదట ఆ కప్పునే చేతిలో పెడతాను.

మరి అంత లోతులో సినిమా ఎవరు తీస్తున్నారు? 2025 మార్చిలో దక్షిణ అట్లాంటిక్‌లో, సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, కొలాసల్ స్క్విడ్ అనే జీవిని బతికుండగా దాని సొంత చోట తొలిసారి వీడియో తీశారు. ఆ జాతికి పేరు పెట్టి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు. దొరికింది పిల్ల, 30 సెంటీమీటర్లు ఉంటుంది, గాజులా ఒళ్ళంతా అవతలికి కనిపిస్తోంది. లోతు 600 మీటర్లు. తీసినవాళ్ళెవరూ నీళ్ళలో లేరు. ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఓడలో కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కింద ఉన్నది సుబాస్టియన్ అనే ఆర్‌ఓవీ. ఆర్‌ఓవీ అంటే తీగతో ఓడకి కట్టి, పై నుంచి నడిపే మనిషి లేని యంత్రం. దాని కళ్ళు కెమెరాలు, చేతులు లోహంవి.

నేను పదిహేడేళ్ళు అలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. మొదట ఆర్‌ఓవీ టెక్నీషియన్‌ని, తర్వాత పైలట్‌ని, ఆ తర్వాతే కెమెరా పని. నాదీ ఎలక్ట్రానిక్స్ డిప్లొమానే. అందుకే నీ ఉత్తరంలో నువ్వు ఏదో మామూలు సంగతిలా రాసేసిన 'ఈసీఈ డిప్లొమా' అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగాయి. నువ్వు ఈ దారిలో సగం దూరంలో నిలబడి ఉన్నావు. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

లోతు సముద్రం ఓడలో బెర్తులు లెక్కపెట్టినట్టు ఉంటాయి. కేవలం అందంగా తీయగలిగినవాళ్ళకి అందులో ఒకటి దొరకడం కష్టం. యంత్రం ఆగిపోతే అర్ధరాత్రి విప్పి బాగుచేయగలిగి, దాంతో పాటు ఫ్రేము కూడా పెట్టగలిగిన మనిషికి ఎప్పుడూ చోటుంటుంది. కాబట్టి ముందు ఓడకి అక్కర్లేకుండా పోని పని ఒకటి నేర్చుకో. కెమెరా దాని భుజం మీద ఎక్కి వస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క ముక్క దగ్గర్నుంచి చూపిస్తాను. నీటి కింద కెమెరాని ఒక గట్టి డబ్బాలో పెడతాం, దాన్ని హౌసింగ్ అంటారు. డబ్బాకీ మూతకీ మధ్య ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది, ఓ-రింగు. లక్షల రూపాయల సామానుకి కాపలా ఆ రింగు. ప్రతిసారీ మూసే ముందు దాన్ని బయటికి తీయాలి. స్క్రూడ్రైవర్‌తో కాదు, గీత పడుతుంది. పాత ఏటీఎం కార్డు మూలతో మెల్లగా లేపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చుట్టంతా ఒకసారి జరపాలి, కళ్ళు మూసుకుంటే ఇంకా మంచిది. ఇసుక రేణువున్నా, చిన్న కోత ఉన్నా కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. రింగు కూర్చునే గాడిని పోగులు ఊడని గుడ్డతో తుడవాలి. సిలికాన్ గ్రీజు రింగు మీద మెరుపు వచ్చేంతే రాయాలి, ముద్దగా పూస్తే దానికే చెత్త అంటుకుంటుంది. మూశాక చిన్న పంపుతో లోపలి గాలి కొంత లాగేసి, గేజి చూస్తూ అరగంట కూర్చోవాలి. ముల్లు కదలకపోతేనే నీళ్ళలోకి.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నేను మూసిన హౌసింగ్ ఒకటి 300 మీటర్ల దగ్గర నీళ్ళు తాగింది. తెర మీద బొమ్మ ఒక్కసారి వణికి నల్లగా అయిపోయింది. పైకి తెచ్చి విప్పితే ఓ-రింగు మీద తువ్వాలు పోగు ఒకటి, అర అంగుళం కూడా లేదు. ఆ రోజు తొందరలో నేను గుడ్డ మార్చలేదు. కెమెరా పోయింది, ఓడ ఒక పూటంతా ఖాళీగా నిలబడింది. నన్ను ఎవరూ తిట్టలేదు. మా సూపర్‌వైజర్ ఆ పోగుని పటకారుతో తీసి కాగితం మీద పెట్టి, టేపు అంటించి, నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అది ఇప్పటికీ నా టూల్ బాక్స్ మూతకి లోపలి వైపు అంటించి ఉంది.

ఒత్తిడిని గెలవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గోడ మందంగా కట్టి లోపల గాలి ఉంచడం. కెమెరాకి చేసేది అదే. రెండోది, లోపల గాలే లేకుండా నూనె నింపేయడం. నూనె నలగదు కాబట్టి బయట ఎంత ఒత్తిడి ఉన్నా పల్చటి డబ్బా కూడా నిలుస్తుంది. ఆర్‌ఓవీ మోటార్లకి, తీగలు కలిసే పెట్టెలకి అలాగే చేస్తారు. ఇవి ఫిల్మ్ స్కూల్లో చెప్పరు. మీ పాలిటెక్నిక్‌లో చెప్పిన సర్క్యూట్లు, సోల్డరింగ్, కమ్యూనికేషన్స్ తెలిసినవాళ్ళకి నెలల్లో వంటబడతాయి.

ఇక వెలుగు. కెమెరా మనిషిగా నువ్వు జీవితమంతా తన్నుకులాడేది దీంతోనే. చలికాలం తెల్లవారుజామున లంబసింగి వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. లోతు నీళ్ళలోనూ అంతే. పై నీళ్ళలో చచ్చిన జీవుల తునకలు, జిగురు పోగులు రాత్రీ పగలూ కిందికి రాలుతూనే ఉంటాయి. దాన్ని మెరైన్ స్నో అంటారు. లైటు లెన్సు పక్కనే పెడితే ముందు ఆ తునకలే మెరుస్తాయి, వెనకున్న జీవి కనపడదు. అందుకే లైట్లని చేతులు చాచినట్టు రెండు వైపులా దూరంగా బిగించి, వంచి, వాటి వెలుగు కెమెరా ముందు కాస్త దూరంలో కలిసేలా చేస్తాం. ఒక్కో బ్రాకెట్‌ని పది డిగ్రీలు అటూ ఇటూ తిప్పడానికి నేను పూటలు పూటలు గడిపాను. అసలు సినిమాటోగ్రఫీ అదే.

వెలుగు గురించి ఇంకా పెద్ద సంగతి ఒకటి ఒక మహిళ కనిపెట్టింది. ఆడపిల్లకి అయ్యే పనేనా అని అడిగావు కాబట్టి ఆవిడ గురించే చెప్తాను. పేరు ఎడిత్ విడ్డర్, అమెరికన్ శాస్త్రవేత్త. కాలేజీలో ఉండగా వెన్నెముకకి ఆపరేషన్ జరిగి, అది వికటించి, కొంతకాలం చూపు పోయింది. తిరిగి చూపు వచ్చిన మనిషి జీవితమంతా చీకట్లో వెలుగు కోసం వెతకడానికి ఇచ్చేసింది. 1984లో కాలిఫోర్నియా దగ్గర శాంటా బార్బరా ఛానెల్‌లో, ఒత్తిడిని ఆపే వాస్ప్ అనే గట్టి సూటులో నిలబడి 240 మీటర్లు దిగింది. అక్కడ లైట్లు ఆర్పేసింది. చుట్టూ జీవులు దీపావళి మతాబుల్లా వెలగడం చూసింది. మిగతావాళ్ళు లైట్లు వేసుకుని వెతుకుతున్న చోట ఆవిడ ఆర్పేసి చూడటంతోనే అంతా మొదలైందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆవిడ ఆలోచన ఇలా సాగింది. మనం పెద్ద మోటార్లతో, తెల్లటి లైట్లతో హోరెత్తుతూ దిగుతున్నాం. ఆ చీకట్లో పుట్టి పెరిగిన కళ్ళకి అది భరించలేని వెలుగు. కాబట్టి మనకి కనిపించేవి పారిపోలేనివి, పారిపోవడం తెలియనివి మాత్రమే. మరి పారిపోయేవాటి మాటేమిటి? లోతు జీవుల్లో చాలావాటికి ఎరుపు కనపడదు. ఎరుపు నీళ్ళలో పై కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది, అంత కిందికి ఎప్పుడూ చేరలేదు, దాన్ని చూసే కన్ను వాటికి అవసరం పడలేదు. అందుకని ఎర్ర లైటుతో, మసక వెలుగులో కూడా పట్టుకోగల కెమెరాతో, చప్పుడు లేకుండా కాచుకుని కూర్చునే యంత్రం చేసింది.

దానికి ఎర కూడా వెలుగే. అటోల్లా అనే జెల్లీ చేప ఉంది. దాన్ని ఏదైనా పట్టుకుంటే ఒంటి చుట్టూ నీలి వెలుగు గిర్రున తిరిగేలా మెరిపిస్తుంది. దొంగా దొంగా అని కేకలేసి ఊరిని లేపినట్టు, తనని తింటున్నదాన్ని తినడానికి ఇంకా పెద్దదాన్ని పిలుస్తుందన్న మాట. విడ్డర్ ఆ మెరుపుని ఎల్‌ఈడీ బల్బులతో అచ్చంగా దింపింది. నీలాంటి ఈసీఈ పిల్లకి ఆ సర్క్యూట్ ఒక వారం పని. 2004లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో దాన్ని మొదటిసారి వెలిగించిన 86 సెకన్లకే దాదాపు రెండు మీటర్ల స్క్విడ్ ఒకటి వచ్చింది. అప్పటిదాకా సైన్సుకి తెలియని జీవి అది.

2012లో జపాన్‌కి దక్షిణాన ఒగసవారా దీవుల దగ్గర, అదే ఎరనీ, మెడూసా అనే కెమెరానీ తాడుకి వేలాడదీసి వదిలేశారు. మోటారు లేదు, తెల్ల లైటు లేదు. జెయింట్ స్క్విడ్ తన సొంత చోట తిరుగుతున్న తొలి వీడియో ఆ కెమెరాకి దొరికింది. అదే యాత్రలో త్సునేమి కుబొడెరా అనే జపాన్ శాస్త్రవేత్త చిన్న జలాంతర్గామిలో దిగి తన కళ్ళతో ఆ జీవిని చూస్తూ తీయించాడు. ఆయన 2004లోనే అక్కడ 900 మీటర్ల లోతున దాని తొలి ఫోటోలు తీసినవాడు. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది వెతికి వెతికి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన జీవి అది.

ఈ కథలో నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఎర, కాపు కాయడం, చప్పుడు చేయకపోవడం, రాత్రి వెలుగుకి ఏది వస్తుంది, ఏది రాదు. ఇవి మీ నాన్నకి తెలిసిన సంగతులు. నువ్వు ఆయన దగ్గర కూర్చుని ఇవి అడిగావో లేదో నాకు తెలియదు. నోట్‌బుక్ పెట్టి అడుగు. ఏ నెలలో నీళ్ళు ఏ రంగు, అమావాస్యకి వలలో పడేదేంటి, పౌర్ణమికి ఏంటి, తాడు ఏ వైపు లాగుతుంది. ఓడ మీద పక్కవాళ్ళ దగ్గర లేని సరుకు నీ దగ్గర ఉంటుంది.

ఓపిక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫోన్లో నువ్వు చూసేది మూడు నిమిషాలు. 1977లో గాలాపగోస్ దగ్గర 2,500 మీటర్ల లోతున ఆంగస్ అనే కెమెరా బండిని ఓడ వెనక ఈడ్చుకుంటూ తిప్పారు. ఫిల్ము పైకి తెచ్చి కడిగితే దాదాపు 3,000 ఫోటోలు. ఒకదాని తర్వాత ఒకటి నల్లటి లావా రాయి, లావా రాయి, లావా రాయి. వాటిల్లో పదమూడింటిలో మాత్రం తెల్లటి ఆల్చిప్పలు గుంపుగా ఉన్నాయి. సరిగ్గా ఆ కాసేపే నీళ్ళ వేడి కూడా కొద్దిగా పెరిగినట్టు నమోదైంది. ఆ జాడ పట్టుకుని ఆల్విన్ జలాంతర్గామిలో దిగితే సముద్రం అడుగున వేడి నీటి ఊటలు, వాటి చుట్టూ ఎండతో సంబంధం లేకుండా బతికే జీవుల ఊరు బయటపడ్డాయి. ఎవరో ఒకరు ఆ మూడు వేల ఫోటోల్నీ వరసపెట్టి చూసి ఉండాలి కదా. పన్నెండు గంటల షిఫ్టులో తెర మీద బురద తప్ప ఏమీ కనిపించని రోజులు నాకు లెక్కలేనన్ని. అలాంటి రోజున కూడా కళ్ళు తిప్పకుండా కూర్చోగలవా అన్నది నువ్వే తేల్చుకోవాలి. ష్మిట్ లాంటి పరిశోధన ఓడల వాళ్ళు డైవ్‌లు, అంటే యంత్రం దిగి తిరిగొచ్చేదాకా, మొత్తం లైవ్‌గా యూట్యూబ్‌లో పెడుతుంటారు. ముక్కలు కాదు, ఒక్క డైవ్ మొదట్నుంచి చివరిదాకా ఎనిమిది గంటలు చూడు. విసుగొచ్చిన చోట టైము రాసుకో.

మన దగ్గర పని ఉందా అన్నావు. మీ తీరం నుంచే మొదలుపెడతాను. కాకినాడ ఎదురుగా కేజీ బేసిన్‌లో ఆర్ క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం 2 వేల మీటర్లకు పైగా లోతు నీళ్ళలో ఉంది. 2020 డిసెంబరు నుంచి గ్యాస్ వస్తోంది. ఆ లోతులో వాల్వు తిప్పాలన్నా, పైపు చూడాలన్నా ఆర్‌ఓవీలే దిక్కు. అంటే మీ ఊరి ఎదురుగానే రోజూ ఎవరో ఒకరు లోతు సముద్రాన్ని కెమెరాలో చూస్తున్నారు. వాళ్ళు తీసేది పైపులూ బోల్టులే, నిజమే. కానీ ఆ పైపు మీదికి వచ్చి కూర్చున్న వింత చేపని మొదట చూసేది కూడా వాళ్ళే. నేను పని నేర్చుకున్నది అలాంటి చోటే.

సైన్సు వైపు వస్తే చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ ఉంది. మత్స్య 6000 అనే జలాంతర్గామి తయారవుతున్నది అక్కడే. 2.1 మీటర్ల టైటానియం గోళంలో ముగ్గురు కూర్చుని 6 వేల మీటర్లు దిగాలన్నది లక్ష్యం. 2025 ఆగస్టులో మన వాళ్ళు ఇద్దరు అట్లాంటిక్‌లో ఫ్రెంచి వాళ్ళ నాటీల్ జలాంతర్గామిలో 4 వేల, 5 వేల మీటర్ల లోతులకు దిగి వచ్చారు. ప్రాజెక్టు పోస్టులకి డిప్లొమా, బీటెక్ చదివినవాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకుంటూ ఎన్‌ఐఓటీ నోటిఫికేషన్లు ఇస్తుంటుంది. వాళ్ళ వెబ్‌సైట్ నెలకోసారి చూడటం అలవాటు చేసుకో. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. 'డీప్ సీ సినిమాటోగ్రాఫర్' అన్న బోర్డుతో ఉద్యోగం మాత్రం వీటిల్లో ఎక్కడా కనపడదు. ఆ కుర్చీని నువ్వు లోపలికి వెళ్ళాక సంపాదించుకోవాలి.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఈసెట్. రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉందేమో కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకో. ఆ మూడేళ్ళలో నలుగురిని పోగేసి నీళ్ళలో తిరిగే చిన్న ఆర్‌ఓవీ ఒకటి తయారు చెయ్యండి. మేట్ ఆర్‌ఓవీ అని విద్యార్థులకి అంతర్జాతీయ పోటీ ఉంది, మన దేశం నుంచీ జట్లు వెళ్తుంటాయి. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు మార్కుల మెమో కంటే నువ్వు కట్టిన యంత్రం, అది ఎక్కడ చెడిపోయింది, ఎలా బాగుచేశావు అన్నదే ఎక్కువ అడుగుతారు. స్కూబా మొదటి కోర్సు కూడా ఎప్పుడైనా చేతిలో డబ్బున్నప్పుడు చెయ్యి. వృత్తికి తప్పనిసరి కాదు గానీ, నీటి కింద వెలుగు ఎలా విరుగుతుందో సొంత కళ్ళతో చూసినవాళ్ళు ఫ్రేము పెట్టడంలో తేడా ఉంటుంది. ఆఫ్‌షోర్ ఉద్యోగానికి ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఒకటి ఉంటుంది, నీళ్ళలో బోర్లాపడిన హెలికాప్టర్‌లోంచి బయటపడటం కూడా అందులోనే నేర్పుతారు. ఈత వచ్చు అన్నావు, అది నీకు అక్కరకొస్తుంది. సినిమాటోగ్రఫీ పద్ధతిగా చదవాలని అప్పటికీ ఉంటే డిగ్రీ అయ్యాక పుణెలో సినిమా విద్యాసంస్థ ఎఫ్‌టీఐఐ ఉంది. అప్పటికి ఆ ఖర్చు నీ జీతంలోంచే పెట్టుకోగలవు.

ఆడపిల్ల సంగతి. నిజమే చెప్తాను. మన ఆఫ్‌షోర్ ఓడల మీద ఆడవాళ్ళు చాలా తక్కువ. నేను పనిచేసిన కొన్నిటిలో ఒక్కరూ లేరు. నాలుగైదు వారాలు నీళ్ళ మీద, అన్ని వారాలు ఇంట్లో, అలా సాగుతుంది ఆ బతుకు. మొదటి ఇంటర్వ్యూలో నీ చదువు గురించి కంటే పెళ్ళి గురించి ఎక్కువ అడిగితే ఆశ్చర్యపోకు, కుంగిపోకు కూడా. సైన్సు ఓడల మీద పరిస్థితి చాలా మెరుగు. సిల్వియా ఎర్ల్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త 1979లో హవాయి దగ్గర అలాంటి గట్టి సూటు వేసుకుని 381 మీటర్ల లోతున సముద్రం అడుగున నడిచింది. ఓడకి ఎలాంటి తాడూ కట్టుకోలేదు. ఎడిత్ విడ్డర్ గురించి చెప్పాను కదా. ఏ ఓడలో చేరినా వెళ్ళే ముందు రెండు అడుగు: ఆడవాళ్ళకి వేరే క్యాబిన్ ఉందా, ఫిర్యాదు చేయాలంటే ఓడ మీద ఎవరికి, ఒడ్డున ఎవరికి. జవాబు తడబడితే ఆ ఓడ వద్దు, ఇంకొకటి వస్తుంది.

ఇప్పుడు అమ్మ. ఆవిడ భయాన్ని తీసిపారేయకు. భర్త వేటకెళ్ళిన ప్రతి తుఫాను రాత్రీ ఆవిడ ఎలా గడిపిందో నీకూ నాకూ అందనిది. 2023 జూన్‌లో టైటానిక్ చూడ్డానికి దిగిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామికి జరిగింది ఆవిడ చెప్పినట్టే నిజం. ఐదుగురూ అక్కడికక్కడే పోయారు. కానీ ఎందుకు జరిగిందో కూడా ఆవిడకి చెప్పు. దాని గోడ ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్‌తో చేశారు. బయటి ధ్రువీకరణ సంస్థ ఏదీ దాన్ని పరీక్షించి సరేననలేదు. ఈ రంగంలో పెద్దవాళ్ళు 2018లోనే హెచ్చరించారు, వినలేదు. అదే సమయంలో ఆల్విన్ 1964 నుంచి దిగుతోంది. 5 వేలకు పైగా సార్లు దిగింది, ఒక్క ప్రాణం పోలేదు. ప్రతిసారీ విప్పి, చూసి, రాసి, సంతకం పెట్టి దించుతారు కాబట్టి. ఇంకో మాట కూడా చెప్పు. నేను నీకు చెప్తున్న దారిలో నువ్వు కిందికి దిగవు. నువ్వు ఓడలో ఉంటావు, యంత్రం దిగుతుంది. నా పదిహేడేళ్ళలో నేను కూర్చున్నది నీళ్ళ మట్టానికి పైనే. ఎప్పుడో ఒకనాడు మత్స్యలో కిటికీ దగ్గర కూర్చునే అవకాశం వస్తే, అప్పటికి ఆ గోళం సంగతి నీకు ఎంత తెలిసి ఉంటుందంటే, ఎక్కాలో వద్దో నువ్వే అమ్మకి వివరించి చెప్పగలవు.

నాన్నకి ఒక పని అప్పగించు. నువ్వు ప్లంబింగ్ షాపుకి వెళ్ళి రెండంగుళాల ప్రెషర్ పైపు జానెడు ముక్క కొను, డ్రైనేజీ పైపు కాదు. ఒక వైపు మూత సాల్వెంట్‌తో అంటించెయ్. రెండో వైపు మరమూత, దాని కింద ఓ-రింగు. లోపల టిష్యూ కాగితం మడిచి పెట్టు. పైన చెప్పినట్టు రింగు తీసి, వేలితో తడిమి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మూసెయ్. రెండు కిలోల రాయి కట్టి నాన్నకివ్వు. వేటకెళ్ళినప్పుడు మొదట మూడు బారలు దించి పావుగంట ఉంచి లాగమను. ఇంటికొచ్చాక నువ్వే విప్పు. కాగితం పొడిగా ఉంటే మర్నాడు ఆరు బారలు, ఆ మర్నాడు పది. తడిస్తే నీళ్ళు ఎక్కడ్నుంచి వచ్చాయో కనిపెట్టి, సరిచేసి, మళ్ళీ అదే లోతుకి. ప్రతిసారీ తేదీ, బారలు, కాగితం పొడో తడో నోట్‌బుక్‌లో రాయి. ఎక్కడ తడిసిందో, అప్పుడు నువ్వేం మార్చావో నాకు రాసి పంపు. నీ రెండో ఉత్తరానికి అక్కడ్నుంచి జవాబిస్తాను.